టీకా వేసిన పిమ్మట అరగంట

2021వ సంవత్సరము జనవరి 24వ తేదీని గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రియొద్ద ఆశా కార్యకర్తలు గుంపుగూడి ఆందోళన సలిపిరి. జిల్లాలో తమతోపాటు పనిచేయుచుండిన సోదరి యొకతె ఆ ఆసుపత్రిలో కన్నుమూసినది. కోవిడు టీకా ఉద్యమము దేశమంతట జనవరి 16వ తేదీని ప్రారంభమైనది. వైద్యసిబ్బందికి ముందుగా వేయవలెనను నిర్ణయము ననుసరించి ఆమె 19వ తేదీని టీకా పొందినది. కొలదిదినములకే జబ్బుపడి ఆసుపత్రి చేరినది. మెదడులోని రక్తనాళమునకు దెబ్బతగిలినదని వైద్యు లనుమానించినట్లు పత్రికలు వ్రాసినవి. బంధువులును తోటి కార్యకర్తలును నష్టపరిహారము కోరిరి, అధికారులు వచ్చి మాట యిచ్చిరి, గుంపు చెదరిపోయినది.

ఆమె చేయుచుండిన పని యేమి? ఇల్లిల్లు తిరిగి, బాలింతలకు నచ్చజెప్పి, బిడ్డలను టీకా కేంద్రమునకు తోడుకొనివచ్చుట. భయపడకుడని పదిమందికి చెప్పిన నోరది. అట్టిదాని మరణవార్త వినినపుడు ఆ పదియిండ్లలోను ఏమనుకొనిరో యూహించుట కష్టము గాదు.

ఆనాడు జనాభిప్రాయము రెండు పాయలుగా చీలినది. టీకాయే చంపినదని కొందరు తీర్పు చెప్పిరి. టీకాకును మరణమునకును ఏ సంబంధమును లేదని మరికొందరు అంతకన్న వేగముగా తీర్పు చెప్పిరి. ఈ రెండు తీర్పులును విచారణకు ముందే వెలువడినవి. మన తార్కికులు కాకతాళీయన్యాయ మని యొకటి చెప్పుదురు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలుటయు, పండు రాలుటయు ఒక్క క్షణముననే జరిగినవి గాన కాకియే పండును రాల్చినదని చెప్పరాదు. కోట్లకొలది జనులకు కొలదిమాసములలో టీకా వేయునపుడు, టీకా లేకున్నను ఆ వారములోనే గుండెపోటు రావలసినవారు, పక్షవాతము తగులవలసినవారు వారిలో ఎందరో యుందురు. ఇది లెక్కప్రకారము తప్పనిది. ఐనను ఈ న్యాయమునకు రెండవ ముఖము కలదు. పండు పండియుండెనా, కాకి బరువెంత, కొమ్మ యెట్లు కదలినది అని చూచినపిదపనే కాకతాళీయ మనవలెను. చూడకముందే యనినచో అది తర్కము గాదు, తప్పించుకొనుట.

పై మరణము జరిగిననాడు నిజాంపట్నము గుంటూరు జిల్లాలోనిదే. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను ఊరు సముద్రపుటొడ్డుననే యున్నది. ఆపద వచ్చినచో రోగిని మొదట రేపల్లెకో బాపట్లకో చేర్చవలెను; అచ్చట కుదరనిచో తెనాలికి, తుదకు గుంటూరునకు. గుంటూరు పెద్దాసుపత్రికి కూతవేటు దూరములో నున్నవానికి టీకా వేయుటయు, రేవులో వలలు బాగుచేసికొను బెస్తవానికి టీకా వేయుటయు ఒకే పని యని కాగితము మీద వ్రాసికొనవచ్చును. ఆపదసమయమున ఆ రెండును ఒకటి గావు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

ఈ యూరికి పడమటివారి రాక క్రొత్త గాదు. పెటపోలి యని వారు తమ పుస్తకములలో వ్రాసికొనిన రేవు నిజాంపట్నమే. 1606లో డచ్చివారు ఇచ్చట కోఠీ పెట్టిరి. 1611లో గ్లోబు అను ఓడలో వచ్చిన ఆంగ్లవర్తకులు మచిలీపట్టణమునకు ముందు కాలుమోపిన దిచ్చటనే. మంచియు చెడ్డయు కలగలిసి ఆ యోడలవెంట మన దేశమునకు వచ్చినవి. రెండు శతాబ్దములు గడచినపిదప ఆ మార్గముననే టీకాయు వచ్చినది. 1802 జూను 14వ తేదీని బొంబాయిలో మూడేండ్ల పసిపిల్ల యొకతెకు మొట్టమొదటి మశూచి టీకా వేయబడినది; నాటినుండి చేయినుండి చేయికి అది మద్రాసు రాజధానికిని ప్రాకినది. పెద్దమ్మవారు వచ్చినదనినచో వేపమండలు కట్టి తలుపులు మూసికొనుటతప్ప వేరు గతి యెరుగని యిండ్లకు ఎంతటి వరమో చెప్పనక్కరలేదు. ఐనను జనులు నమ్మలేదు. అపుడొక చిత్రము జరిగినది.

మద్రాసు కలెక్టరు ఎల్లిసు దొర పేరు తెలుగువారు మరువరానిది. తెలుగు సంస్కృతజన్యము గాదని, దక్షిణభాషలది వేరు కుటుంబమని 1816లో క్యాంబెలు వ్యాకరణమునకు వ్రాసిన ఉపోద్ఘాతమున మొదట నిరూపించిన పండితు డాయనయే. ఆయన టీకాను పొగడుచు సంస్కృతమున పద్యములు కూర్చి, పాతకాగితముపై వ్రాయించి, ప్రాచీనగ్రంథమున దొరకినట్లు ప్రచారము చేయుటకు పూనుకొనెనని సమకాలికులు వ్రాసియుంచిరి. గోమాత పొదుగునుండి వచ్చిన మందుకు శాస్త్రప్రమాణము చూపినచో బ్రాహ్మణులు లోబడుదురు, తక్కినవారు వారి వెంట నడతురు అని దొరల యెత్తు. ఉద్దేశము మంచిదే. కాని మంచిపనికి కూటపత్ర మెందుకు? ఈ జనులకు నిజము చెప్పిన నర్థము కాదు, వీరిని మోసపుచ్చియే బాగుచేయవలెను అను పరిపాలకుని మనస్సు అందు కనబడుచున్నది. ఆ దొరలు పోయిరి. ఆ మనస్సు మాత్రము కచేరీలలోనే నిలిచిపోయినది.

విదేశప్రభుత్వపు కాలమున టీకాచరిత్రలో మిక్కిలి దారుణమైన ఘట్టము పంజాబులో జరిగినది. ప్లేగు దేశమును కాల్చివేయుచున్న దినములవి. బొంబాయిలో హాఫ్కిను పండితుడు కనిపెట్టిన ప్లేగు టీకాను 1902 అక్టోబరు 30వ తేదీని మల్కోవాలు గ్రామమున 107 మందికి వేసిరి. అందులో ఒకే సీసానుండి మందు పొందిన 19 మందికి ధనుర్వాతము పట్టినది, పందొమ్మిదిమందియు చచ్చిపోయిరి. తప్పంతయు హాఫ్కిను కర్మశాలదే యని తేల్చి ఆయనను పదవినుండి తొలగించిరి. సీసా మూత తీయునపుడు సహాయకుని చేతిలోని పట్టకారు నేలబడినదనియు, దానిని సరిగా శుద్ధి చేయకయే వాడిరనియు పిదప బయటపడినది. రొనాల్డు రాసు మొదలగు శాస్త్రజ్ఞులు 1907లో లండను టైమ్సు పత్రికలో గొంతెత్తి పోరాడిన మీదట హాఫ్కిను నిర్దోషి యని తేలినది. 1925లో ఆ బొంబాయి కర్మశాలకు ఆయన పేరే పెట్టిరి. మందులో దోషము లేదు, మూతలో దోషము. కాని చచ్చిన పందొమ్మిదిమందికి ఆ భేదముతో ప్రయోజన మేమి? బ్రదికియున్న మనకు మాత్రము ప్రయోజనము మిక్కిలి కలదు. ఏలయన, టీకాపేరిట నేటికిని జరుగుచున్న ఉపద్రవములలో పెక్కులు ఈ జాతివే.

దూరము పోనేల? 2019 మార్చినెలలో హైదరాబాదు నాంపల్లిలో పసిబిడ్డలకు పెంటావలెంటు టీకా వేసిరి. ఐదు రోగములనుండి కాపాడు టీకా యది. వేసిననాటి రాత్రి జ్వరము వచ్చుట దాని స్వభావము. జ్వరమునకు పారాసిటమాలు ఇచ్చి పంపుట ఆచారము. ఆనాడు తల్లుల చేతులలో పెట్టినది పారాసిటమాలు గాక ట్రమడాలు అను తీవ్రమైన నొప్పి మాత్ర. అది నల్లమందు జాతిది; పసివానికి తగిలినచో ఊపిరి మందగించును. బిడ్డలు మగతలో పడిపోయిరి. ముప్పదిమందికి పైగా నీలోఫరు ఆసుపత్రికి చేర్చబడిరి. ప్రాణనష్టము గూడ సంభవించినది. నర్సు చెప్పినట్లే, చెప్పిన వేళకే, మాత్ర వేసిన తల్లులు వారు. టీకాలో దోషము లేదు. అలమరలో ఒకదాని ప్రక్క నొకటి చేరిన రెండు మాత్రల పొట్లములలో దోషము. మర్నాడు రాష్ట్రమంతట తల్లులు చెప్పుకొనిన దేమి? టీకా వేయగా బిడ్డలు చనిపోయిరి అని. ఇందుకు తల్లుల నెట్లు నిందింతుము?

ఖమ్మము జిల్లా కథ వేరు. అది పొరబాటు గాదు, ధోరణి. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలు గేండ్లలోపు బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకా ప్రదర్శనకార్యక్రమముగా వేయబడినది. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్యపరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి నడపినవి. ఇంచుమించు పదునాలుగువేలమంది బాలికలు. అందులో పెక్కురు గిరిజనులు, వసతిగృహములలో చదువుకొనువారు. గుజరాతులోని వడోదరలోను అట్టిదే జరిగినది. రెండు రాష్ట్రములలో కలిసి ఏడుగురు బాలికలు మరణించినట్లు వార్త వెలువడగా 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేసిరి. ఆ మరణములు టీకావలన గలిగినవి గావనియే విచారణసంఘము చెప్పినది. ఒకటి నీట మునుగుట, ఒకటి పాముకాటు. అవి టీకావలన నని ఎవడును చెప్పజాలడు. కాని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము చూపిన దోషము మరియొకటి. పరిశీలించిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 వసతిగృహాధికారులు చేసిన సంతకములు! తలిదండ్రులకు తెలియకయే బిడ్డ చేతికి సూది. పైగా, ఉపద్రవము కలిగినచో కనిపెట్టి, చికిత్స చేయించి, నమోదు చేయు ఏర్పాటు సరిగా లేదని ఆ సంఘము తప్పుపట్టినది. కనిపెట్టువాడే లేనిచోట ఉపద్రవములు లేవని యెట్లు చెప్పుట?

ఆ టీకా మంచిదే. లోకమునందనేకదేశములు ఆడపిల్లలకు దానిని వేయించుచున్నవి. మన స్త్రీలను మ్రింగుచున్న ఆ క్యాన్సరును తగ్గించునని రుజువైనది. ఖమ్మములో జరిగిన దానివలన దేశమున ఆ టీకాకు పడిన మచ్చ మాయుటకు ఏండ్లు పట్టినది. తండ్రి యెదుట కూర్చుండి నాలుగు మాటలు చెప్పుటకు సోమరితనము వహించినందుకు చెల్లించిన మూల్య మది.

ఇక అసలు విషయమునకు వత్తము. టీకా వేసికొనినవాడు ఎప్పుడు భయపడవలెను, ఎప్పుడు భయపడరాదు? ఇది చదువుకొనిన కుటుంబములలో గూడ తెలియదు.

చేయి వాచుట, ఒళ్ళునొప్పులు, ఒకటి రెండు దినముల జ్వరము, బిడ్డ చికాకుగా నుండుట ఉపద్రవములు గావు. శరీరము శత్రువును గుర్తించి కసరత్తు చేయుచున్నదనుటకు గుర్తులు. బీసీజీ వేసినచోట కొన్నివారములకు చిన్న కురుపు లేచి మానుట గూడ ఇట్టిదే. సూది చూచి సొమ్మసిల్లుట వేరు. అట్టివాడు పాలిపోవును, చిరుచెమటలు పట్టును, నాడి నెమ్మదించును. పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తినచో కొలదినిమిషములలో లేచి సిగ్గుపడును. బడిపిల్లలలో ఒకతె పడిపోగా పదిమంది పడిపోవుట గూడ కలదు. వారిది నటన గాదు, భయము. చల్లని మాటయు, నీడయు చాలును.

అనాఫిలాక్సిస్ అనునది వీటిలో దేనికిని చెందదు. మందులోని ఏదో పదార్థమును శరీరము పరమశత్రువుగా భావించి, తన యాయుధముల నన్నిటిని ఒక్కసారి విడుచును. రక్తనాళములు వదులై రక్తపుపోటు పడిపోవును, ఊపిరిగొట్టములు బిగియును. ఒంటినిండ దద్దురులు, పెదవులు నాలుక వాచుట, గొంతు పట్టివేయుట, రొమ్ములో పిల్లికూతలు, వాంతులు, అందీయందని నాడి వడివడిగా కొట్టుకొనుట దాని గుర్తులు. ఇది పదిలక్షల మోతాదులకు ఒకరిద్దరికి మాత్రమే కలుగునది. కలిగినచో మాత్రము వ్యవధి నిమిషములలో నుండును. తరచుగా మొదటి పావుగంటలో, అరగంటలో బయటపడును. అందుచేతనే టీకా వేసినవారిని అరగంట కూర్చుండబెట్టవలెనను నియమము. దానికి మందు అడ్రినలిన్. తొడ వెలుపలి కండలో సూదితో వేయవలెను. వెల మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పమైన మందు ఆ నిమిషమున చేతికందినచో మనిషి లేచి కూర్చుండును. అందనిచో గుంటూరులో నెంత పెద్ద ఆసుపత్రి యున్నను లాభములేదు. 2021 మార్చి 8వ తేదీని కోవిడు టీకా పొందిన 68 ఏండ్ల వృద్ధు డొకడు అనాఫిలాక్సిస్ వలన మరణించెనని జాతీయసంఘము ఆ సంవత్సరము జూనులో తేల్చినది. దేశమున కోవిడు టీకా వలననే యని అంగీకరింపబడిన మొదటి మరణ మది. అంగీకరించినందున ఆకాశము కూలలేదు. టీకా వేయుట ఆగలేదు.

మరికొన్ని ఆపదలు నెమ్మదిగా వచ్చును. బిడ్డకు మూర్ఛ వచ్చుట, మూడు గంటలకు మించి సముదాయింపరాని యేడుపు, మగతలో పడి పాలు త్రాగకుండుట గనినచో తెల్లవారనిమ్మని యుండరాదు. రోటావైరసు చుక్కలు త్రాగిన పసివాడు పదేపదే వాంతి చేసికొని, కడుపునొప్పితో ముడుచుకొని, విరేచనములో నెత్తురు చూపినచో ప్రేగు ప్రేగులో దూరినదేమో చూడవలెను. ఇది మిక్కిలి అరుదు. కోవిషీల్డు టీకా పొందినవారిలో అత్యల్పసంఖ్యాకులకు రక్తము గడ్డకట్టు జబ్బు కలిగినది. 2021 మేనెల 17వ తేదీని కేంద్రప్రభుత్వము ఆ లెక్క ప్రకటించినది: తీవ్రసంఘటనలు 498 పరిశీలింపగా అట్టివి 26, పదిలక్షల మోతాదులకు 0.61. ఇరువది దినములలోపల ఆయాసము, రొమ్మునొప్పి, కాలివాపు, తగ్గని తీవ్రమైన తలనొప్పి కలిగినచో వెంటనే తెలుపవలెనని చెప్పినది. ఇట్టి ప్రకటన జనవరిలోనే, టీకాతోపాటే, తెలుగులో, ఆశా కార్యకర్త చేతిలో నుండవలసినది. మేనాటికి కోట్ల మోతాదులు పడిపోయినవి.

మీజిల్సు టీకా విషయ మింకొకటి. అది పొడిగా వచ్చును. నీరు కలిపిన నాలుగు గంటలలో వాడవలెను, మిగిలినది పారబోయవలెను. పొదుపు పేరిట సాయంకాలమువరకు దాచినచో సీసాలో క్రిములు పెరిగి బిడ్డ రక్తమును విషము చేయును. మల్కోవాలు పట్టకారు కథయే యిది, వేషము మారినది. మండువేసవిలో దివిసీమ సరిహద్దు వెంట మంచుపెట్టె మోసికొని తిరుగు నర్సును ఎన్నిగంటలకు మందు కలిపితివని అడుగు హక్కు తల్లికి కలదు. అడిగినపుడు ఆమె కోపగించుకొనరాదు. సీసాపై వ్రాసిన వేళ చూపవలెను.

నిజాంపట్నమువంటి చోట పై నియమములకు మరికొన్ని చేర్చవలసియున్నది. ఇవి ప్రభుత్వపు కాగితములలో లేవు; ఊరి భూగోళమును చూచి మేము చెప్పుచున్నవి. రేవునుండి పడవలు వేటకు పోయినచో కొన్నిదినములు తిరిగిరావు. టీకా వేయించుకొనిన సాయంకాలమే పడవ యెక్కినవానికి అర్ధరాత్రి జ్వరము వచ్చినచో మాత్ర యుండదు, మూర్ఛ వచ్చినచో ఒడ్డుండదు. కనుక వేటకు పోవువారికి పడవ తిరిగివచ్చిన మర్నాడు టీకా వేయవలెనుగాని బయలుదేరు ముందునాడు గాదు. టీకా పొందిన దినము మరునాడు పడవ యజమాని వానిని సెలవులో నుండనీయవలెను. పొలములును రొయ్యలచెరువులును గల రైతుసోదరులకు గూడ నిదే మనవి. టీకా వేయించుకొనిన మర్నాడు కూలివానికి జ్వరము వచ్చి పనికి రాకపోయినచో ఆ దినపు కూలి కోయకుడు. కూలి పోవునను భయముతో టీకాను తప్పించుకొను వానిని మూఢుడని వెక్కిరించుట మనకు తగదు. వాని లెక్క వానికి సరిగానే యున్నది.

అరగంట కూర్చుండుట సామాన్యుని కెంత కష్టమో పట్టణమువారికి తెలియదు. బుధవారమో శనివారమో ఉపకేంద్రమునకు బిడ్డ నెత్తుకొని వచ్చిన తల్లికి ఇంటియొద్ద మరియొక బిడ్డ, పొయ్యిమీద కుండ. నీడలేదు, బల్లలేదు, త్రాగుటకు నీరులేదు. సూది పడగానే వెళ్ళిపోవును. అరగంట కూర్చుండుమని గోడమీద వ్రాసిన ప్రభుత్వము కూర్చుండుటకు బల్ల వేయదా? ఇది నవ్వుటకు చెప్పిన మాట గాదు. ప్రాణరక్షణలో అడ్రినలిన్ మొదటిదైనచో బల్ల రెండవది. మూడవది బండి. 108 బండి రేపల్లెనుండి రావలెనో బాపట్లనుండి రావలెనో, ఆ దినమున ఎచ్చటనున్నదో, టీకా వేయుటకు కూర్చుండిన ఏఎన్ఎం ముందుగా తెలిసికొని యుండవలెను.

ఇక దెబ్బతిన్నవాని మాట. టీకా అందరికి మేలు చేయును. దాని అరుదైన కీడు ఒక్కని నెత్తిన పడును. పదిలక్షలమంది క్షేమముకొరకు ఒకడు చెల్లించిన మూల్యమును ఆ పదిలక్షలమంది తిరిగి చెల్లింపవలదా? యుద్ధమునకు పోయిన సిపాయి కుటుంబము నట్లే వదలిపెట్టుదుమా? పశ్చిమజర్మనీ 1961లోనే ఇందుకు చట్టము చేసినది. ఇంగ్లండు 1979లో చేసినది. తీవ్రముగా వికలాంగుడైనవానికి నేడక్కడ లక్షయిరువదివేల పౌనులు. అమెరికాలో 1986 చట్టము ననుసరించి ప్రతి మోతాదుపై స్వల్పపన్ను విధించి నిధి కూర్చిరి. ఎవరి తప్పో నిరూపింపనక్కరలేకుండ అందుండి పరిహార మిచ్చుచున్నారు. మన దేశమున, కోవిడు టీకా పొందిన పిదప కుమార్తెలను పోగొట్టుకొనిన తలిదండ్రులు సుప్రీముకోర్టుకు మొరబెట్టుకొనగా, 2022 నవంబరులో కేంద్రప్రభుత్వము సమర్పించిన ప్రమాణపత్రము చదివినవారికి మనస్సు కలుక్కుమనును. టీకా వేయించుకొనుట స్వచ్ఛందము. ప్రభుత్వము బాధ్యత వహింపదు. కావలెననినచో సివిలుకోర్టుకు పోవచ్చును. ఇదీ దాని సారము.

స్వచ్ఛందమట! టీకా పత్రము లేనిదే ప్రవేశము లేదని రైళ్ళలో, కచేరీలలో, అంగళ్ళలో పెక్కుచోట్ల అడ్డగించినవారు ఎవరు? 2022 మే 2వ తేదీని సుప్రీముకోర్టు, ఎవరి శరీరముపైనను బలవంతముగా టీకా వేయరాదని చెప్పుచు, టీకా పిమ్మటి ఉపద్రవముల నివేదికలు వ్యక్తుల గోప్యమునకు భంగము రాకుండ ప్రజలకు బహిరంగపరుపవలెనని గూడ ఆదేశించినది. ఆ రెండవమాటను మన పత్రికలు తగినంత పట్టించుకొనలేదు. ఒక్కొక్క సంఘటనను జిల్లా సంఘము, రాష్ట్రసంఘము, జాతీయసంఘము పరిశీలించి, మందు గుణమా, తయారీ లోపమా, వేసినవారి పొరబాటా, భయమా, కాకతాళీయమా, తేలనిదా యని వర్గములుగా విభజించును. చక్కని పద్ధతియే. ఆ తీర్పు చనిపోయినవాని యింటికి, వానికి వచ్చు భాషలో, ఎవరైన చేతికిచ్చి చదివి వినిపించినపుడే ఆ పద్ధతి పూర్తియైనట్లు.

గాంధీమహాత్ముడు టీకాకు వ్యతిరేకి యని గుర్తుచేసి, ఈ వాదమంతయు విడిచిపెట్టుమని చెప్పు మిత్రులు కొందరున్నారు. ఆయన ఆరోగ్యమును గూర్చిన తన గ్రంథమున టీకాను ఖండించిన మాట నిజమే. మహాత్మునియందు మా భక్తి యెవరికిని తీసిపోదు. ఐనను మశూచి ఆయన కాలమున ఏటేట లక్షలజనమును మ్రింగుచుండెను. 1975లో మన దేశమున కడపటి మశూచి రోగి కనబడెను, 1980లో లోకమంతట అంతరించినదని ప్రకటించిరి. అది టీకాచేతనే జరిగినది. 2011 జనవరి తరువాత దేశమున సహజమైన పోలియో వైరసుచే కాలు చచ్చిన బిడ్డ కనబడలేదు. ఈ రెండు వాక్యములకు ప్రత్యుత్తరము లేదు. సత్యమును ప్రయోగించి చూడుమని చెప్పిన మహాత్ముడు ఈ లెక్క చూచిన యెడల ఏమనెడివాడో ఆ మిత్రులే యోచింతురుగాక. ఆయననుండి మనము గ్రహింపవలసినది వేరొకటి కలదు: తెలియని పేదవాని శరీరమును వానికి చెప్పకుండ ముట్టరాదు.

వచ్చు బుధవారము నిజాంపట్నము మండలములో టీకా వేయుచోటికి గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు, సంఘసేవకులు ఒక్కరైన పోయి కూర్చుండవలెనని కోరుచున్నాము. తల్లికి నీడయు నీరును ఉన్నవా, సీసాపై మందు కలిపిన వేళ వ్రాయబడినదా, పారాసిటమాలు పొట్లముపైని పేరు చదివి యిచ్చుచున్నారా, బండి సంఖ్య గోడమీద నున్నదా చూడవలెను. నర్సును నిందించుటకు గాదు. ఆమె యొంటరిగా మోయుచున్న భారములో ఒక చేయి వేయుటకు. అచ్చట ఆపదసమయపు పెట్టె యొకటి యుండవలెనని నియమము. దాని మూత తీసి, అడ్రినలిన్ గాజుగొట్టముపై అచ్చువేసిన గడువుతేదీని పైకి చదివి వినిపింపుమని అడుగుటకు ఎవరి సెలవును అక్కరలేదు.